చప్పుడు చేయని దీపం

నర్సమ్మగారు పోయిందన్న సంగతి నాకు జగ్గయ్యపేట నుంచి వస్తున్న బస్సులో తెలిసింది. పక్కన కూర్చున్నావిడ నన్ను గుర్తుపట్టి, నర్సమ్మగారింట్లో అద్దెకుండే టీచరుగారు మీరే కదా అని పలకరించింది. ఈవిడ ఇద్దరు పిల్లలూ నర్సమ్మగారి చేతుల మీద పుట్టినవాళ్ళే. ఆవిడ పోయి పది రోజులైందట. సమాధి చేసే రోజు చర్చిలో పాస్టరుగారు మైకు ముందు నిలబడి ఆమె పుట్టింది మొదలు తీరిగ్గా చెప్పుకొస్తున్నాడట. మధ్యాహ్నపు ఎండ. జనం చెమటలు కక్కుతున్నారు. ఆయన కథ ఇంకా ఆమె నర్సు ట్రెయినింగు దాకా కూడా రాలేదు, కరెంటు పోయి మైకు ఆగిపోయింది. వెనక వరసలో ఒక ముసలమ్మ "అదుగో, ఆపించింది" అందట. పెట్టె పక్కన కూర్చుని ఏడుస్తున్నవాళ్ళతో సహా అందరూ నవ్వారట.

చెబుతూ ఈవిడా నవ్వింది. తర్వాత కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నాకు మాత్రం నవ్వే ముందు వచ్చింది, నవ్వే చివరిదాకా ఉంది. ఆవిడతో పదకొండేళ్ళు ఒకే ఇంట్లో ఉన్నదాన్ని. ఆవిడ గురించి మొహం వేలాడేసుకుని తలుచుకోవడం నాకు చేతకాదు.

డెబ్భైల మధ్యలో నందిగామ ఆడపిల్లల హైస్కూల్లో ఉద్యోగం వచ్చి, ఒక ట్రంకుపెట్టెతో దిగి, గది వెతుక్కుంటూ ఆ ఇంటికి వెళ్ళాను. పొట్టి మనిషి, గుండ్రటి మనిషి. తెల్లచీర, జాకెట్టుకి తలకిందులుగా పిన్ను పెట్టిన గడియారం. నా ఊరూ పేరూ అడగలేదు. రక్తం చూస్తే పడిపోతావా అని అడిగింది. తెలియదండి అన్నాను. "తెలుసుకుందాంలే" అని తాళంచెవి ఇచ్చింది.

ఆవిడకి వేరే పేరుండేది. గోడమీద అద్దం కట్టించిన సర్టిఫికెట్లో చూశాను. కానీ ఊళ్ళో దాన్ని వాడినవాళ్ళు లేరు, నర్సు కాబట్టి అందరికీ నర్సమ్మగారే. అప్పటికి ఆసుపత్రి ఉద్యోగం మానేసి ఇంటి దగ్గరే పురుళ్ళు పోసేది, పిలిస్తే ఇళ్ళకీ వెళ్ళేది. భర్త చాలా ఏళ్ళ కిందట పోయాడు. ఆయన మాట ఎవరన్నా ఎత్తితే "దేవుడు తీసుకెళ్ళాడు, తిరిగి పంపకపోతే అదే చాలు" అనేది. ప్రతి ఆదివారం చర్చికి వెళ్ళేది, ప్రసంగం మొదలుకాగానే నిద్రపోయేది. పాస్టరుగారు ఒకసారి సున్నితంగా మందలిస్తే, వారమంతా మీ సంఘస్తుల పిల్లల్ని బయటికి లాగి అలిసిపోతున్నానండి అని ఆయన నోరు మూయించింది.

ఆ రోజుల్లో నందిగామలో కరెంటు ఉండటం విశేషం, పోవడం మామూలు. మిగతావాళ్ళకి కరెంటు పోతే అన్నం చీకట్లో తినాలి, అంతే. ఆవిడకి అట్లా కాదు. బిడ్డ తల బయటికొస్తున్నప్పుడు బల్బు ఆరిపోతే రెండు ప్రాణాలు ఆవిడ వేళ్ళ కొసల మీద ఉండేవి. అందుకని కరెంటు లేనప్పుడు ఏం వెలిగించాలన్నది ఆవిడ జీవితంలో పెద్ద ప్రశ్న. పైగా ఆవిడకి దీనిమీద ఒక ఫిర్యాదు కూడా ఉండేది. కరెంటు తీసేసేదీ గవర్నమెంటే, పిల్లల్ని తక్కువ కనండి అని గోడలమీద రాయించేదీ గవర్నమెంటే, వాళ్ళలో వాళ్ళు ఒకసారి మాట్లాడుకుంటే బాగుంటుంది అనేది.

మొదట్లో టార్చిలైటు. నేను చేరకముందు పురిటి గదిలో టార్చి పట్టుకోవడానికి కొన్నాళ్ళు భర్తల్ని పిలిచి చూసిందట. ఒకడు కళ్ళు మూసుకున్నాడు. ఒకడు టార్చితో సహా పడిపోయాడు. మరొకడు ధైర్యవంతుడే గానీ వెలుగంతా ఇంటి దూలాల మీద వేశాడు. అప్పట్నుంచీ మగవాళ్ళకి పని చెప్పడం మానేసింది. ఈ విషయంలో వాళ్ళు చేయాల్సింది ఎప్పుడో చేసేశారు, ఇంక వాళ్ళతో పనిలేదు అనేది.

తర్వాత గ్యాసులైటు. పెళ్ళిళ్ళకి లైట్లూ షామియానాలూ అద్దెకిచ్చే సుబ్బారావు దగ్గర డజను ఉండేవి. అడిగితే ఇవ్వనన్నాడు. పురిటి గదిలో పెడితే మైల, ఆ లైటు మళ్ళీ పెళ్ళి పందిట్లో పెడితే జనం ఊరుకోరు అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. నర్సమ్మగారు కోప్పడలేదు.

"ఏం సుబ్బారావూ, పెళ్ళి ఎందుకు చేస్తారయ్యా?" అంది. "నీ లైటు మొదలుపెట్టించిన పనేగా ఇది. మొదలుకి వెలిగి, చివరికి వెలగనంటే ఎట్లా?"

బజారు బజారంతా విన్నది. సుబ్బారావు సిగ్గుపడి ఒక పాత లైటు శాశ్వతంగా ఇచ్చేశాడు. పంపు కొడితే పట్టపగల్లా వెలిగేది. కానీ నెల తిరక్కుండా ఆవిడ దాన్ని అటకెక్కించింది. కారణం అడిగితే "బుస్సుమంటుంది" అంది. దీపం బుస్సుమంటే నష్టమేమిటో నాకప్పుడు అర్థం కాలేదు.

సలహాలు చెప్పేవాళ్ళకి కొదవలేదు. అభివృద్ధి ఆఫీసులో పనిచేసే ఒకాయన గోబర్ గ్యాసు పెట్టించుకోమని వచ్చాడు. పేడతో గ్యాసు, గ్యాసుతో దీపం, ఖర్చు లేదు అని అరగంట చెప్పాడు. ఎన్ని గేదెలుండాలి అని అడిగింది. కనీసం నాలుగు అన్నాడాయన. తనకున్నది ఒక్కటే అని పెరట్లోకి చూపించి, "మిగతా మూడు గేదెల పని నువ్వొచ్చి చేస్తావా నాయనా?" అని అడిగింది. ఆయన కాగితాలు సర్దుకుని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఎప్పుడు ఎదురైనా సైకిలు దిగకుండా పక్క సందులోకి తిప్పేవాడు.

చివరికి ఆవిడకి నచ్చింది బ్యాటరీ. జగ్గయ్యపేటలో సున్నపురాయి లారీలకి బ్యాటరీలు బాగుచేసే మస్తాన్ భార్యకి మూడు పురుళ్ళూ ఆవిడే పోసింది. అతను ఒక పాత జీపు బ్యాటరీకి ప్రాణం పోసి, సత్తుగిన్నె అడుక్కి చిల్లుపెట్టి అందులో బండి బల్బు బిగించి, రెండు వైర్లు తగిలించి ఇచ్చాడు. గిన్నెని ఎటు తిప్పితే అటే వెలుగు. పొగ లేదు, వాసన లేదు. ఆవిడ దాని ముందు కూర్చుని చాలాసేపు చూసింది. చూసిందనుకున్నాను గానీ, వినింది.

"మాట్లాడదే," అంది సంతోషంగా. "ఈ ఇంట్లో మాట్లాడటానికి నేను చాలు."

ఛార్జి అయిపోతే బ్యాటరీని బస్సెక్కించి జగ్గయ్యపేట పంపేది. డ్రైవరు తన కాళ్ళ దగ్గర పెట్టుకుని తీసుకెళ్ళేవాడు, సాయంత్రం తిరిగి తెచ్చేవాడు. ఒకసారి కొత్త కండక్టరు లగేజి టిక్కెట్టు తీసుకోమన్నాడు. నువ్వెక్కడ పుట్టావు అని అడిగింది. నందిగామలోనే అన్నాడు. వాళ్ళమ్మ పేరడిగి, కాసేపు ఆలోచించి, నువ్వు కాళ్ళతో ఎదురొచ్చి నన్ను మూడు గంటలు ఏడిపించావు, ఆ టిక్కెట్టు ఇంకా బాకీ ఉన్నావు అంది. బస్సంతా అతని కాళ్ళవైపు చూసింది. ఆ తర్వాత నేనెరిగినంతలో ఆ రూట్లో టిక్కెట్టు లేకుండా తిరిగింది ఆ బ్యాటరీ ఒక్కటే.

రానురాను ఊళ్ళో వాళ్ళు కరెంటు పోతే ఇంట్లోకి ఏం కొనుక్కోవాలో ఆవిణ్ణి అడగడం మొదలుపెట్టారు. ఆవిడ దుకాణంవాడిలా మాట్లాడేది కాదు. ఇంట్లో ఎవరెవరున్నారని అడిగేది. ఆయాసం ఉన్న ముసలాయన ఉంటే కిరసనాయిలు దీపం వద్దనేది. పాకే బిడ్డ ఉంటే లాంతరు కొక్కేనికి వేలాడదీయమనేది. పదో తరగతి పిల్లాడుంటే ఏ దీపమూ కొనొద్దు, కరెంటు ఉన్నప్పుడే వాడు చదవట్లేదు అనేది. కొత్తగా పెళ్ళయిన లెక్కల మాస్టారొకాయన వచ్చి అడిగితే, ఆయన్నీ పక్కన తలొంచుకున్న భార్యనీ చూసి, "మీకెందుకయ్యా దీపం? తొమ్మిది నెలలాగి నా దగ్గరికే రండి, ఇక్కడుంది" అంది. ఆయన స్టాఫ్‌రూములో వారం రోజులు నాకు ఎదురుపడలేదు. తొమ్మిది నెలలకి కాదు గానీ, పదో నెలలో వచ్చారు.

అసలు సంగతి నాకు తెలిసింది వెంకట్రామయ్యగారింట్లో.

ఆయన మిరపతోటలున్న పెద్దరైతు. ఊరి చివర మేడ. ఎనభైల్లో నందిగామకి మొదటిసారి ఇంటి వాడకానికి జనరేటరు తెచ్చింది ఆయనే. దాన్ని వరండాలో పెట్టి, పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. కరెంటు పోతే ఆయన మొహం వెలిగిపోయేది. తాడు లాగేవాడు, అది డబడబమని మొదలయ్యేది, బజారు చివరి దాకా ఎవరింట్లో వెలుగుందో కళ్ళున్నవాళ్ళకే కాదు, చెవులున్నవాళ్ళకి కూడా తెలిసేది.

ఆయన కూతురు తొలికానుపుకి పుట్టింటికొచ్చింది. నొప్పులు మొదలయ్యాయని మధ్యాహ్నం రిక్షా పంపారు, బ్యాటరీ డబ్బా మోసుకురానక్కర్లేదని కబురుతో సహా. నర్సమ్మగారు కబురు విని, బ్యాటరీ రిక్షాలో పెట్టించింది. నన్నూ ఎక్కమంది. ఆదివారం కాబట్టి నాకు తప్పించుకునే దారి లేదు. విందుకి పిలిచిన ఇంటికి కూడా నాలుగు మెతుకులు తినే వెళ్ళాలి టీచరమ్మా అంది.

సాయంత్రం దాకా అంతా బాగానే ఉంది. ఆవిడ దగ్గర ఒక చెక్కగొట్టం ఉండేది, జానెడు పొడవు, ఒక చివర బాకాలా వెడల్పు. వెడల్పు వైపు తల్లి కడుపు మీద ఆనించి, రెండోవైపు చెవి పెట్టి, గడియారం చూస్తూ, వేళ్ళతో మంచం పట్టె మీద కొడుతూ బిడ్డ గుండె లెక్కపెట్టేది. నొప్పి వచ్చి తగ్గిన ప్రతిసారీ అదే పని. విని, తలూపి, ఆ ఇంటి ఆడవాళ్ళతో ఏదో ఒక మోటు జోకు వేసేది. పిల్ల నొప్పుల్లో కూడా నవ్వేది.

ఆరున్నరకి కరెంటు పోయింది. అరనిమిషంలో జనరేటరు మొదలై గదంతా ట్యూబులైటు వెలుగుతో తెల్లబడింది. ఆడవాళ్ళు మురిసిపోయారు. నర్సమ్మగారు గొట్టం ఆనించింది. చెవి మార్చి మళ్ళీ ఆనించింది. ఇంకోచోట పెట్టింది. కిటికీ మూయమంది. నేను మూశాను. ఆ చప్పుడు గోడల్లోంచి, మంచం కోళ్ళలోంచి కూడా వస్తోంది. మళ్ళీ విని లేచి నిలబడింది. అప్పుడు ఆవిడ మొహంలో జోకు లేదు. నేనెప్పుడూ చూడని మొహం.

బయటికెళ్ళి జనరేటరు ఆపమని చెప్పమంది. నేను వెళ్ళి చెప్పాను. వెంకట్రామయ్యగారికి నేను అన్నది అర్థం కాలేదు. వెలుగు సరిపోలేదా అని అడిగాడు. ఆయన తల్లి పురిటింట్లో చీకటి పనికిరాదని అడ్డం వచ్చింది. ఈలోగా నర్సమ్మగారే తలుపు దగ్గరికొచ్చింది.

"వెంకట్రామయ్యగారూ, లోపల ఇద్దరున్నారు. ఒకరు కనపడతన్నారు, రెండోవాళ్ళు వినపడాలి. మీ మిషను నన్ను విననీయట్లేదు. ఆపండి."

ఆ మాట అనే తీరులో ఏముందో గానీ, ఆయన వంగి ఆపేశాడు.

ఒక్కసారిగా అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు. వీధిలో ఎవరో బొక్కెన కింద పెట్టిన చప్పుడు వినపడింది. చీకట్లోనే ఆవిడ గొట్టం ఆనించింది. నేను తడుముకుంటూ బ్యాటరీ వైర్లు కలిపి గిన్నె అటు తిప్పేసరికి ఆవిడ వేళ్ళు మంచం పట్టె మీద బిడ్డ గుండెతో పాటు కొడుతున్నాయి. మధ్యాహ్నం నుంచీ చూస్తున్నాను కాబట్టి నాకే తెలిసింది. వేగం సగానికి పడిపోయింది.

నర్సమ్మగారు వెంటనే అమ్మాయిని ఎడమవైపు తిప్పి పడుకోబెట్టింది. విజయవాడకి కారు సిద్ధంగా ఉంచమని బయటికి చెప్పించింది. మళ్ళీ విని, చేత్తో చూసి, కారుకి టైము లేదని తేల్చుకుంది. గిన్నె రెండు చేతులతో పట్టుకో, నన్ను చూడకు, నా చేతుల్ని చూడు అని నాకు చెప్పింది. ఇంక ఆ పిల్లతో తప్ప ఎవరితోనూ మాట్లాడలేదు. గట్టిగా కూడా మాట్లాడలేదు. తల బయటికొచ్చింది. మెడకి బొడ్డుపేగు రెండు చుట్లు చుట్టుకుని ఉంది. ఆవిడ వేలు దాని కిందికి పోనిచ్చి, దండ తీసినట్టు ఒక చుట్టు, మళ్ళీ ఒక చుట్టు తల మీదుగా తీసేసింది. బిడ్డ నీలంగా ఉంది. ఏడవలేదు. సన్నటి రబ్బరు గొట్టంతో నోట్లో నీరు లాగి, తువ్వాలుతో వీపు రుద్దింది. నేను గిన్నె ఇంకా దగ్గరికి వంచాను. రక్తం చూస్తే పడిపోనని నాకు ఆరోజు రూఢి అయింది. పడిపోవడానికి తీరికేది?

తర్వాత ఆడపిల్ల కెవ్వుమంది.

వెంకట్రామయ్యగారు తలుపు అవతల నుంచి, ఇప్పుడు జనరేటరు వేయమంటారా అని చాలా చిన్న గొంతుతో అడిగాడు. వేసుకోండి, ఊరికి తెలియాలిగా అంది నర్సమ్మగారు. ఆయన వేయలేదు. కరెంటు వచ్చేదాకా ఆ ఇల్లంతా ఆ సత్తుగిన్నె వెలుగులోనే తిరిగింది. ఆ తర్వాత ఆయన జనరేటరుని పెరటి చివర కొట్టంలోకి మార్పించాడు. ఎవరన్నా కొనబోతూ ఆయన్ని సలహా అడిగితే, వెలుగు సంగతి తర్వాత, ముందు చప్పుడెంతో చూసుకోండి అని చెప్పేవాడట.

ఇదంతా విన్నవాళ్ళు నర్సమ్మగారు ఏనాడూ ఓడిపోలేదనుకుంటారు. ఓడిపోయింది. అదీ చెప్పాలి.

రెండుమూడేళ్ళకి ఆవిడ మాటలు మరీ ఎక్కువయ్యాయి. నేనొకటి అడిగితే ఇంకొకటి చెప్పేది. వయసుతో పాటు వాగుడు పెరిగిందనుకున్నాను. పిలుస్తుంటే పలకకపోతే పొగరనుకున్నాను. ఒకరోజు పాలవాడు తలుపు విరగ్గొడుతున్నట్టు బాదుతుంటే ఆవిడ తలుపు పక్కనే కూర్చుని ప్రశాంతంగా చిక్కుడుకాయలు ఒలుస్తోంది. అప్పుడు అర్థమైంది. ఎదుటివాళ్ళకి మాట్లాడే సందు ఇవ్వకపోతే వినాల్సిన పని ఉండదు. అందుకని అన్ని మాటలు. నేనేమీ అనలేదు. ఆవిడా చెప్పలేదు. పురుళ్ళు మాత్రం ఏదో ఒక వంక పెట్టి తగ్గించుకుంటూ వచ్చింది. నడుము నొప్పి అనేది, ఆసుపత్రికొచ్చిన కొత్త నర్సు బాగా చేస్తోంది అనేది.

రోహిణీకార్తెలో ఒక మధ్యాహ్నం, క్వారీలో రాళ్ళు కొట్టే ఒకతని భార్య జగ్గయ్యపేట నుంచి విజయవాడ ఆసుపత్రికి బస్సులో వెళ్తూ దారిలో నొప్పులెక్కువై నందిగామలో దిగిపోయింది. కండక్టరు అలవాటు ప్రకారం ఆవిణ్ణి నర్సమ్మగారింటికి తెచ్చి వదిలాడు. కొత్త నర్సు ఊళ్ళో లేదు. కరెంటు లేదు. వడగాడ్పుకి తలుపులన్నీ వేసి గది చీకటిగా ఉంది. నేను బ్యాటరీ తెచ్చి పెట్టాను. నర్సమ్మగారు గొట్టం ఆనించి వినింది. చాలాసేపు వినింది. రెండో చెవి పెట్టింది. జనరేటరు ఏదీ మోగడం లేదు. వీధిలో కుక్క కూడా అరవడం లేదు.

తలెత్తి నావైపు చూసింది.

"టీచరమ్మా, ఇటు రా. నువ్విను."

నేను మోకాళ్ళ మీద కూర్చుని చెవి పెట్టాను. ముందు నా గుండే వినపడింది. తర్వాత లోపల ఎక్కడో, దిండు కింద పెట్టిన గడియారంలా, చిన్నగా, తొందర తొందరగా కొట్టుకుంటున్న చప్పుడు. వినపడుతోందని తలూపాను. వేగం ఎంతో చెప్పబోయాను.

"నోటితో చెప్పకు. నాకు వినపడదు," అంది. ఎవరితోనూ అనని ఆ మాటని మంచినీళ్ళడిగినంత మామూలుగా అనేసి, చెయ్యి చాచింది. "ఇక్కడ కొట్టు."

నేను వింటూ ఆవిడ అరచేతిలో వేలితో కొట్టాను. ఆవిడ గడియారం చూస్తూ లెక్కపెట్టుకుంది. నొప్పి వచ్చి తగ్గిన ప్రతిసారీ నేను వినడం, అరచేతిలో కొట్టడం, ఆవిడ తలూపడం. మధ్యలో నాకు కంగారు పుట్టి తప్పు కొడితే నా వేలు పట్టుకుని ఆపి, మళ్ళీ మొదటినుంచి కొట్టించింది. మంచం మీది మనిషికి మేమిద్దరం ఏం చేస్తున్నామో అర్థం కాక, ఆ నొప్పుల్లో కూడా వింతగా చూసింది.

నాలుగింటికి మగపిల్లాడు పుట్టాడు. నర్సమ్మగారు వాణ్ణి రెండు చేతుల మీద పట్టుకుని నోరు చూసింది, ఛాతీ చూసింది, అరికాళ్ళ రంగు చూసింది.

"ఏడుస్తన్నాడా?" అని నన్ను అడిగింది.

ఏడుస్తున్నాడని తలూపాను.

"గట్టిగానా?"

గట్టిగానే అని మళ్ళీ తలూపాను. ఆవిడకి సరిపోలేదు. నేను టీచర్ని, మొహమాటానికి పాసు మార్కులు వేసేదాన్నని ఎప్పుడూ అంటుండేది. నన్ను వదిలేసి గుమ్మంవైపు తిరిగింది. ఏడుపు విని ఇరుగుపొరుగు ఆడవాళ్ళు నలుగురైదుగురు అప్పటికే తలుపు తోసుకుని గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఒకామె నవ్వుతూ రెండు చెవులూ మూసుకుంది.

అది చూశాక నమ్మి, కత్తెర అందుకుంది.